మెతూషెల గడ్డం

థేమ్స్ నది ఒడ్డున, పాత యుద్ధనౌకలను విప్పి కలప అమ్మే యార్డు. మేస్త్రీ గాడ్‌బోల్డ్ ఎదుట కర్ర ఊతగా నిలబడ్డాడు జెత్రో పెన్‌రోజ్. ఇప్పుడు విప్పుతున్న ‘మెతూషెల’ మీద ఒకప్పుడు వడ్రంగి.

“ఎన్నిసార్లు చెప్పాలి పెద్దాయనా? ఓడ ముందుండే ఆ బొమ్మ అమ్మేశాం. సాయంత్రం సారాకొట్టు టపర్ బండి తెస్తున్నాడు. గుమ్మం మీద పెట్టుకుంటాడట.”

“తాగుబోతుల నెత్తినా?”

“మెతూషెల అంటే బైబిల్లో తొమ్మిదొందల ఏళ్లు బతికిన ముసలాయన కదా! ఆ గడ్డం చూసి జనం ఆగుతారంటాడు. అయినా నీకెందుకది?”

“పొయ్యిలోకి.”

“పొయ్యిలోకైతే అదిగో కట్టెల గుట్ట. ఊరికే పట్టుకుపో.”

“అది తడిసిన కలప, మేస్త్రీ.”

“బొమ్మేమన్నా గొడుగేసుకుని తిరిగిందా? నీ ఓడ సంగతి నేను విన్నాలే. నీళ్లలోకి దించిన రోజే బురదలో కూరుకుపోయిందట.”

“పంతం ఎక్కువ దానికి.”

“మొదటి యుద్ధం అయిపోయాక వెళ్లిందట.”

“గాలి లేదు.”

“రెండోదానికి?”

“గాలి ఎక్కువైంది.”

“ఫ్రెంచివాళ్లు పట్టుకుపోయారు కూడానట!”

“మళ్లీ మేమే పట్టుకొచ్చాం. వెల్లుల్లి కంపు ఏడాదికి గాని పోలేదు.”

“చివరికి ఖైదీల కొట్టు చేశారు. పాపం, ఒక్కటన్నా గెలిచిందా?”

“ఒకటి గెలిచింది. ఫ్రెంచి గుండొచ్చి బొమ్మ మొహం ఎగరగొట్టింది. మొహం లేని ఓడకి దారెలా కనిపిస్తుందని మావాళ్లు తాడు ముట్టేది లేదన్నారు. మధ్యాహ్నం తిండి వేళకి మొహం ఉండాలన్నాడు కెప్టెన్.”

“అయితే ఆ మొహం నీ చేతిదా?”

“చెక్కి చూపించా. ‘బాగానే ఉంది గాని గడ్డమేదోయ్?’ అన్నాడు.”

“మెతూషెలకి గడ్డం మర్చిపోయావా!”

“తొందర. తర్వాత వేరే చెక్కతో చేసి మేకులు కొట్టా. ఆ చూపుకే శత్రువు జెండా దించేశాడు.”

“దించడూ? అన్నం మాడిపోయినట్టు చూస్తాడు మీ మెతూషెల. అది ఇంటికి తీసుకెళ్తే మీ ఆవిడ ఊరుకుంటుందా?”

“పోయింది టామ్సిన్. నేను సముద్రం మీదుండగా. వచ్చేసరికి సమాధి మీద గడ్డి మొలిచింది.”

“అయ్యో!”

“అయ్యో ఏంటి? అది నోరు కాదు, ఫిరంగి. నేను ఓడెక్కిన ప్రతిసారీ రేవులో నిలబడి తిట్టేది. ‘ఊళ్లన్నీ నువ్వే తిరుగు, నన్నెప్పుడైనా ఎక్కడికైనా తీసుకెళ్లావా’ అని.”

“ఆవిడ బొమ్మేదైనా గీయించి ఉంచుకున్నావా?”

“మనలాంటోళ్ల పెళ్లాలకి బొమ్మలెవడు గీస్తాడు?”

“...సరేలే. నీ చేత్తో చేసింది, నువ్వే తీసుకో. వేరే ఓడది సింహం ఉంది, టపర్‌కి అది అంటగడతా. ఒంటికన్నుది.”

“తాగేవాళ్లకి ఒక కన్ను చాలు.”

“కానీ ఇంత దుంగ నీ పొయ్యిలో పట్టదు. ఉండు, గొడ్డలితో మొహం రెండు ముక్కలు చేసిస్తా.”

“దించు! గొడ్డలి దించవయ్యా మేస్త్రీ!”

“ఏంటా కేక? పొయ్యిలోకే అన్నావుగా?”

“మేకులు పీకే పటకారు ఉంటే ఇవ్వు. ఆ గడ్డం ఒక్కటీ తీసెయ్యాలి. దాని కింద మా టామ్సిన్ ఉంది.”