ముందు నువ్వెళ్ళి చూడు

అలా మొహం కిటికీ వైపు తిప్పుకుని కూర్చుంటే ఎలాగండీ? తిట్టాలనుంటే తిట్టెయ్యండి. తిడితే పడతాను గానీ, ఈ మౌనవ్రతం మాత్రం నా వల్ల కాదు.

మాట్లాడొద్దన్నాడు డాక్టరు, తెలుసు. గొంతు పచ్చిపుండులా ఉంది, అదీ తెలుసు. మీకు చెప్పకపోతే ఇంకెవరికి చెప్పుకోను?

గ్యాసు మాస్కు లేకుండా ఎందుకెళ్ళావనేగా మీ కోపం? వినండి మరి.

ఆ ల్యాబు పేరుకే నాది. ఒక్కో మెషీను ఒక్కో మేడంత ఖరీదు. ఎవరికి వాళ్ళు కొనుక్కోలేరని అన్నీ ఒకచోట పెట్టి, చూసుకోమని నన్ను కూర్చోబెట్టారు. సిలికాన్ బిళ్ళల మీద వెంట్రుకలో వెయ్యో వంతు సన్నటి గీతలు గీసే చోటండీ అది! ప్రొఫెసర్ల శిష్యులొస్తారు, కంపెనీలవాళ్ళొస్తారు, తెల్లసూట్లు తొడుక్కుని లోపలికి పోతారు. నేనేమో ఉమ్మడి కుటుంబంలో పెద్దకోడల్ని. అందరికీ పొయ్యి వెలిగించి పెట్టాలి, ఎవరి కూర మాడినా మాట నేను పడాలి.

నవ్వారు కదూ? లేదా? సరే.

ఆ మెషీన్లలో ఒకటి నిజంగానే పొయ్యి, దానికి అమోనియా గ్యాసు పోతుంది. బాగా లీకైతే సైరన్ దానంతటదే మోగుతుంది. కొద్దిగా లీకైతే మాత్రం నా బల్ల మీద ఎర్రదీపం వెలుగుతుంది, అంతే. అప్పుడు నేను బటన్ నొక్కి సైరన్ మోగించాలి, అందర్నీ బయటికి తోలాలి.

మొదటిసారి వెలిగితే నొక్కాను. పడుతూ లేస్తూ బయటికి పరుగెత్తారందరూ. తీరా చూస్తే ఏముంది? కారిడార్‌లో ఎవరో అద్దాలు తుడిచే మందు కొట్టారు, అందులోనూ అమోనియా ఉంటుంది! నవ్వి ఊరుకున్నారు.

రెండోసారీ నొక్కాను. ఈసారి అదీ లేదు, ఉత్తుత్తి దీపం. గ్యాసు పసిగట్టే సెన్సార్ ముసలిదైపోయింది, మార్చండి మహాప్రభో అని నెత్తీనోరూ కొట్టుకుంటూనే ఉన్నాగా నేను? విన్నదెవరు?

ఆ రోజు లోపల ఒకమ్మాయి ఉంది. మనింటికొచ్చి మన పిల్లకి లెక్కలు చెప్పింది, గలగలా మాట్లాడుతుందే, ఆ అమ్మాయే. తన సిలికాన్ బిళ్ళల్ని యాసిడ్‌లో ముంచి నిలబడింది. సైరన్ వినగానే పాపం అలాగే వదిలేసి పరుగెత్తింది. తిరిగొచ్చేసరికి యాసిడ్ గీతలన్నిటినీ తినేసింది. ఏడాది కష్టం!

ఆ సూటులో కళ్ళు తప్ప ఏమీ కనపడవు కదండీ. ఆ కళ్ళు చూశాను. నన్నొక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

అనాల్సినవన్నీ వాళ్ళ ప్రొఫెసరు అనేశాడు లెండి. మర్నాడు డైరెక్టర్ గారు పిలిచారు. "ఇకమీదట దీపం వెలిగితే ముందు నువ్వెళ్ళి చూడమ్మా. నిజమని తేలాకే జనాన్ని బయటికి పంపు."

"నేను చూసొచ్చేలోపు అది నిజమైతేనో సార్?"

"అయితే త్వరగా చూడు."

సరే సార్ అన్నాను. ఏమనమంటారు మరి?

నిన్న మధ్యాహ్నం మళ్ళీ వెలిగింది. కిటికీ అద్దంలోంచి చూశాను. లోపల ఐదారుగురున్నారు. పొయ్యికి దగ్గర్లో ఆ లెక్కల పిల్లే! పోయిన పనంతా మొదట్నుంచీ మళ్ళీ చేసుకుంటోంది. బటన్ మీద చెయ్యి పెట్టాను. పెట్టి, తీసేశాను. మళ్ళీ దాని కష్టం నా చేతుల మీదుగా కరిగిపోతే?

మాస్కంటే తగిలించుకోగానే అయిపోదు. బిగించుకోవాలి, ఇంకొకర్ని తోడు పిలవాలి. త్వరగా చూడమన్నారుగా? ఉత్త మొహంతోనే వెళ్ళాను. పొయ్యి వెనకాల సందులో గ్యాసు సిలిండరుండే బీరువా ఉంటుంది. తలుపు తీశాను. కళ్ళల్లో కారం గుమ్మరించినట్టయింది.

పక్క గోడ మీది బటన్ నొక్కాను. అందరూ బయటపడ్డారు. ఆ పిల్లకి దగ్గు పట్టుకుందిట, పొద్దున్నే ఈ ఆస్పత్రి నుంచే ఇంటికి పంపించేశారుట.

ఏమిటీ? ఉద్యోగం మానెయ్యమంటారా? నేనూ అనుకున్నాను. మానేస్తే నా కుర్చీలో ఇంకొకడొస్తాడు. వాడు సరే సార్ అనడని ఏమిటి నమ్మకం? నేనే అన్నాను కదా!

ఇందాక మీరు కాఫీకి వెళ్ళినప్పుడు డైరెక్టర్ గారు ఫోన్ చేశారు. లీకు నిజమే కదా, ఇకనైనా బుద్ధొచ్చి ఉంటుందనుకున్నాను. "శభాష్ అమ్మా" అన్నారు. "ముందు చూశావు, తర్వాత నొక్కావు, ఎవరికీ ఏం కాలేదు. మన పద్ధతి పనిచేసింది. ఇక ఇదే రూలు చేసేద్దాం."

నేనా? సరే సార్ అన్నాను. ఈ గొంతుతో ఇంకేం వస్తుంది?

వెళ్ళకండి. కాసేపు కూర్చోండి. ఇంకొకటుంది, అది మీకే చెప్పాలి.

బీరువా తలుపు తీయగానే ఘాటు తగిలిందన్నానా? నాకప్పుడు ముందు భయం వెయ్యలేదండీ. అమ్మయ్య, ఈసారి నిజమే అనిపించింది. ఇక నన్నెవరూ ఏమీ అనలేరు అనిపించింది. కళ్ళనీళ్ళు కారిపోతున్నా హాయిగా, బటన్ మీదికి చెయ్యి ఎత్తకుండా నిలబడ్డాను.

ఎంతసేపని అడక్కండి. ఆ హాయి ఉన్నంతసేపూ ఆ పిల్ల గోడకి అవతలే ఉంది, ఆ గాలే పీలుస్తూ.