ఆగి ఆగి చెప్పాలి

చీపురుపల్లి చర్చిలో పాతికేళ్లు కీబోర్డు వాయించిన కృపానిధి మాస్టారు చేతులు వణకడంతో మూడేళ్ల కిందట మానేశారు. ముప్పయ్యేళ్ల నాటి ఒక కంప్యూటర్ ఆటను మళ్లీ కొత్తగా తయారుచేస్తున్న ఆయన శిష్యురాలు స్వర్ణ, ఒకప్పుడు ఆయన కీబోర్డుకు రకరకాల వాయిద్యాల గొంతులిచ్చిన పాత మిడి సౌండ్ పెట్టెకు తన ల్యాప్‌టాప్ తగిలించి కూర్చుంది.

"పెట్టె మళ్లీ ఆగిపోనాది మాస్టారూ. రేపే ఆట విడుదల. ఈ పెట్టె సంగతి వదిలీమని మా జట్టోళ్లు అంటన్నారు."

"ఇలాటి పెట్టెలు ఇంకా ఎంతమంది కాడున్నాయేటి?"

"దేశదేశాలన్నీ కలిపినా కొన్ని వందలుంటాయేమో. కానీ ఆ ఆటకి పాట కట్టిందే దీని గొంతు కోసం. కొత్త వాటిల్లో ఆ వేణువు వేణువులా ఉండదు."

"ఏ వాయిద్యం ఎలా పలకాలో దీనికెలా సెప్తన్నావు?"

"ఆదేశాలన్నీ ఒక్కసారే పంపీస్తన్నాను."

"అక్కడున్నాది తప్పు. సదువురాని ముసిలోళ్లకి కీర్తన ఎలా అందిస్తాం? ఒక పాదం సెప్పి, ఆళ్లు పాడినాక రెండోది సెప్తాం. ఇదీ ముసిల్దేనమ్మా. ఒకటి సెప్పి కూసింత ఆగు."

స్వర్ణ ఒక్కో ఆదేశం తర్వాత చిన్న విరామం పెట్టి ఆటను నడిపింది. తెర మీద పడవ సముద్రంలోకి కదిలింది. పెట్టెలోంచి వేణువు పలికింది.

"వచ్చీసినాది. రేపటి ఆటలో దీని గొంతూ ఉంటాది మాస్టారూ."

ఆయన పెట్టె మీద చెయ్యి వేసి తల వంచుకున్నారు.

"ఏటి, బాగులేదా?"

"బాగున్నాది. నా సేతులు వాయించడం మానీసినాక దీని గొంతు మళ్లీ వింటాననుకోలేదు. ఈ పాట ఎంతసేపుంటాది?"

"పడవ ఒడ్డు సేరేదాకా."

"అయితే అప్పుడే సేర్సకమ్మా."