మూడు దేశాలు తిరిగిన మేక

విదేశాలకు సాయం పంపే సర్కారు ఆఫీసు, రికార్డుల గది. వచ్చే నెల రిటైరవుతున్న గుమస్తా. ఏ సాయం ఎక్కడికి వెళ్లిందో జనం చూసేలా వెబ్‌సైట్లో పెట్టడానికి కొత్తగా చేరిన అమ్మాయి.

“మేకలన్నీ ఒక్కలాగే ఉంటాయమ్మా.”

“చెవి చీలిక కూడానా బాబాయ్?”

“ఏ చెవి?”

“ఎడమ చెవి. మూడు దేశాల్లో మూడు బోరింగులు వేయించాం. మూడు ఫొటోల్లోనూ ఇదే మేక. పాస్‌పోర్టు గానీ ఉందా దీనికి?”

“ఫొటోలు నీకెందుకూ? లెక్కలు పెట్టు, చాలు.”

“ఫొటో లేందే పేజీ తెరుచుకోదు. తమ డబ్బు ఏమైందో జనం కళ్లారా చూడాలని కదా ఈ కొత్త రూలు.”

“టీ తాగుదామా?”

“మాట దాటెయ్యకండి. ఫొటోలో మేక వెనక తీగ మీద గళ్ల చొక్కా ఆరేసుంది, చూశారా?”

“ఎవరిదో.”

“ఇప్పుడు మీ ఒంటి మీదుంది.”

“సరేలే తల్లీ. మేక మాదే. బోరింగూ మా పెరట్లోదే.”

“నయం, పిన్నిగారిని నిలబెట్టలేదు.”

“అడిగాను, రానంది. నవ్వకు. ఫొటోగ్రాఫరుకి విమానం టికెట్టు ఇచ్చేది లేదన్నది పైవాళ్లే, ఫొటో లేకపోతే ఫైలు కదలదన్నదీ వాళ్లే. నన్నేం చెయ్యమంటావ్? అక్కడ వేసిన బోరింగులు మాత్రం నిజం. కాంట్రాక్టరు ఒట్టేసి మరీ చెప్పాడు. ముప్పై ఏళ్ల సర్వీసులో నేను గొప్పగా చెప్పుకునేది ఇదొక్కటే. ఎక్కడో ముక్కూ మొహం తెలియని పిల్లలు నా ఫైలు పుణ్యమా అని నీళ్లు తాగుతున్నారు.”

“ఎవరైనా వెళ్లి చూశారా?”

“ఫొటో ఉందిగా, మళ్లీ వెళ్లడమెందుకని…”

“ఆగిపోయారేం?”

“ఏం లేదు. ఏం లేదులే. ఆ పేజీ నేను రిటైరయ్యాక పెట్టుకోకూడదూ?”

“మొన్ననే పెట్టేశాను బాబాయ్. అందులో ఒక ఊరి నుంచి ఈమెయిలు కూడా వచ్చింది. అక్కడి బడి పంతులమ్మ రాశారు.”

“ఏమంటుంది? నీళ్లు బాగున్నాయంటుందా?”

“బడి వెనక బోరింగు ఉందని మన పేజీలో చూసి, పిల్లలు మధ్యాహ్నం దాకా వెతికారట. దొరకలేదట. పోనీ, ఆ మేకనైనా పంపమంటున్నారు.”