పరదేశన్న ఏడీ

అనకాపల్లిలో ఒక నరాల డాక్టరు గది. డాక్టరు సుప్రియకి ఎదురుగా ముసలి కాసులమ్మ, పక్కన ఆమె కోడలు తలుపులమ్మ.

“కాసులమ్మగారూ, ఇందాక మూడు మాటలు చెప్పాను. గుర్తున్నాయా?”

“బెల్లం.”

“ఇంకా?”

“బెల్లమేనమ్మా. గానుగ కాడ నేనే వండేదాన్ని. నా పాకానికి పేరుండేది.”

“పోనీ, ఈ కాగితం మీద గడియారం గీస్తారా?”

“ఆవిడకి సదువు రాదు డాక్టరమ్మా. నన్నూ సదవనివ్వలేదు.”

“సరే, వదిలేద్దాం. తలుపులమ్మగారూ, ఎప్పట్నించి ఇలా?”

“రెండేళ్లయింది. తిని తిన్లేదంటాది. పొయ్యి ఎలిగించి ఈదిలోకి ఎల్లిపోతాది. తిరిగి రావడం తెలీదు.”

“షుగరు, బీపీ?”

“రెండూ ఉన్నాయి. ఓ సెవి ఇనపడదు.”

“తలకి ఎప్పుడైనా దెబ్బ తగిలిందా?”

“ఆవిడకా? ఆవిడకి తగల్లేదు.”

“స్కాన్ చూశాను. మెదడు కొంత కుంచించుకుపోయింది. రక్తపరీక్షల్లో వేరే కారణమేదీ కనపడలేదు. మీరు చెప్పేదీ, నేను అడిగినవీ అన్నీ కలిపి చూస్తే ఇది అల్జీమర్సే. మందులిస్తాను గానీ పూర్తిగా తగ్గేది కాదమ్మా. ఇంట్లో ఇంకెవరికైనా ఉండేదా?”

“ఏ ఇంట్లో?”

“ఆవిడ పుట్టింట్లో.”

“ఆవిడ అన్నకి ఉండేది. మా నాన్నే. నాది మేనరికం.”

“ఆయన ఇప్పుడు…”

“ఆయనా ఇలాగే దారి మర్సిపోయేవోడు. మాకవరపాలెం నుంచి వానలో నడుసుకుంటూ సెల్లెలి ఇంటికొచ్చేడు. పిచ్చోడు మన గుమ్మంలో ఉంటే పిల్లలకి సమ్మందాలు రావని ఈవిడ గడియేసింది. తియ్యబోతే నన్ను జుట్టు పట్టుకుని లోనికి ఈడ్సింది.”

“తర్వాత?”

“తెల్లారి సెరుకుతోటలో దొరికేడు.”

“ప్రాణాలతో…”

“కాదు.”

“తలుపులూ, మా అన్న ఏడే? పరదేశన్న ఏడీ?”

“ఉండత్తా. డాక్టరమ్మ మాటాడతన్నారు.”

“ఆయన పోయిన సంగతి ఆవిడకి గుర్తు లేదా?”

“ఒక్క ముక్క లేదు. గడియేసిందీ గుర్తు లేదు.”

“మీ నాన్నగారికీ, మేనత్తకీ ఉందంటే మీకూ కొంచెం ముప్పు ఎక్కువే. షుగరు చూపించుకుంటూ ఉండండి.”

“అయితే నాకూ టైము తక్కువే అన్నమాట.”

“అలా అనుకోకండి. విశాఖపట్నంలో ఇలాంటివాళ్లని చూసే హోము ఉంది. ఈ వయసులో మీకు కష్టం. ఎవరూ తప్పు పట్టరు.”

“మా ఆయనా అదే అంటన్నాడు. వద్దు డాక్టరమ్మా. నేనే సూసుకుంటాను.”

“అంత జరిగాక కూడానా? మీది పెద్ద మనసమ్మా.”

“మనసేటి? పొద్దున్న లేసి అన్న ఏడీ అంటాది. కూకోబెట్టి, గడియేసిన కాణ్ణించి సెరుకుతోట దాకా సెప్తాను. అప్పుడే ఇన్నట్టు గుండెలు బాదుకుని ఏడుత్తాది. మద్దేనానికి మర్సిపోతాది. మళ్లీ అడుగుతాది. మళ్లీ సెప్తాను. ఆ హోములో ఎవురు సెప్తారు ఆవిడకి?”