ఓడలో గడ్డి లెక్క

చర్చికి ఎదురుగా, రోడ్డవతల టీకొట్టు బెంచీ మీద కూర్చున్న ట్యూషన్ మాస్టారి గ్లాసులో టీ మీగడ కట్టేసింది. అయినా ఆయన దాన్ని ఊదుతూనే ఉన్నాడు. చల్లారిపోయిన టీని ఊదడం చూసి కొట్టాయన ఏదో అనబోయి, ఆదివారం పూట ఎందుకులే అని ఊరుకున్నాడు.

ఆ వీధిలో ఆయన్ని ఇంతింత మాస్టారంటారు. ఏం చెప్పినా రెండు చేతులూ చాచి 'ఇంత' అని చూపిస్తే గానీ ఆయనకి మాట పూర్తవదు. సాయంత్రాలు ఇంటి ముందుగదిలో పిల్లలకి ట్యూషన్, ఆదివారం పొద్దున చర్చి పక్కగదిలో అదే పిల్లలకి సండే స్కూలు. ఆ పిల్లలతో జరిగిన మాటలన్నీ ఉన్నవీ లేనివీ కలిపి ఈ బెంచీ మీద చెప్పకపోతే ఆయనకి తోచదు. వినడానికి టైలరూ, వ్యాను డ్రైవరూ ఎప్పుడూ సిద్ధమే. ఆరాధన చివర్లో ప్రార్థన మనవులుంటాయి. ఎవరికే కష్టమున్నా లేచి చెప్పుకుంటే అందరూ కలిసి ప్రార్థన చేస్తారు. సరిగ్గా ఆ వేళకి మాస్టారి గొంతు ఎండిపోతుంది, మెల్లగా ఇటు జారుకుంటాడు.

ఇవాళ మాత్రం గొంతు నిజంగానే ఎండింది. జారుకుంటుంటే గుమ్మం దగ్గర పాస్టరుగారు పట్టుకున్నారు. "మాస్టారూ, అయ్యాక వెళ్ళిపోకండి. మీతో మాట్లాడాలి" అన్నారు. అంతకుమించి ఒక్క మాట లేదు. ఆయన పక్కన మందులషాపు ఆవిడ చేతులు కట్టుకుని నిలబడి ఉంది. పలకరింపుగా కూడా నవ్వలేదు.

ఆవిడ కూతురు చిన్నప్పట్నించీ మాస్టారి దగ్గరే చదువుతోంది. ఐదో తరగతికొచ్చినప్పుడు "పెద్ద లెక్కలు కూడా చెప్తారా మాస్టారూ?" అని ఆవిడ అడిగితే, "భిన్నాలేగా? నాకు వెన్నతో పెట్టిన విద్యండీ" అనేశాడు. అనడమైతే అన్నాడు గానీ, భిన్నం కనపడితే చాలు ఆయనకి చెమటలు పడతాయి. ఆ సంగతి ఇన్నాళ్ళూ ఆయనొక్కడికే తెలుసు. మొన్న గురువారం నుంచి ఆ పిల్లక్కూడా తెలుసు. ఇంట్లో చెప్పేసి ఉంటుంది. ఆవిడ కూతుర్ని మానిపిస్తే, ఆ వరసలో ఇళ్ళన్నీ మానిపిస్తాయి. అందరూ మందులు కొనేదీ, కబుర్లు చెప్పుకునేదీ ఆవిడ షాపులోనే. పిల్లల్లేని ముందుగది మాస్టారి కళ్ళ ముందు మెదిలింది.

భయమేస్తే కొందరికి నోరు పడిపోతుంది. మాస్టారికి నోరు లేస్తుంది.

"ఇవాళ సండే స్కూల్లో ఏమైందో తెలుసా?" అన్నాడు చర్చి తలుపు మీంచి చూపు తిప్పకుండానే. "ముందు పళ్ళు రెండూ ఊడిన చిన్నది ఉందే, అది లేచి, 'కళ్ళు మూసుకుని ప్రార్థన చెయ్యమంటారు కదా, ఆ టైములో దేవుడొచ్చి చూసి వెళ్ళిపోతే మనకెలా తెలుస్తుంది మాస్టారూ?' అనడిగింది."

"మీరేమన్నారు?" అన్నాడు టైలరు.

"ఏమంటాను? 'నువ్వు నిద్రపోయాక మీ అమ్మొచ్చి దుప్పటి కప్పుతుంది కదా, అది నీకెలా తెలుస్తుంది? పొద్దున లేచి చూసుకుంటే తెలియడంలా?' అన్నాను. అంతే. గదిలో చీమ చిటుక్కుమంటే ఒట్టు."

నిజానికి ఆయన ఆ పిల్లతో అన్నది "ముందు కళ్ళు మూసుకో" అని. దుప్పటి మాట ఇప్పుడే, ఈ బెంచీ మీదే తట్టింది. బాగానే తట్టిందని ఆయనకే అనిపించింది.

"చేపల సంగతేదో మావాడు చెప్పి ఒకటే నవ్వు" అన్నాడు వ్యాను డ్రైవరు.

"అది పోయిన వారం. జలప్రళయం కథ చెప్తున్నాను. లోకమంతా నీళ్ళు, ఓడలో జంతువులు జంటలు జంటలుగా, బయటున్నవన్నీ పోయాయి అని చెప్పి, అందరూ కళ్ళనీళ్ళు పెట్టుకుంటారేమో అని చూస్తున్నాను. మీవాడు చెయ్యెత్తి, 'మరి చేపలకి సెలవులేగా మాస్టారూ?' అన్నాడు."

ఇది మాత్రం అచ్చంగా జరిగింది. మాస్టారి కబుర్లలో నిజాలు బియ్యంలో రాళ్ళలాగా అక్కడొకటి ఇక్కడొకటి తగులుతుంటాయి.

అందరూ నవ్వుతుండగా చర్చి తలుపు కిర్రుమంది. మాస్టారి గ్లాసు తొణికి టీ ప్యాంటు మీద పడింది. దగ్గొచ్చి ఎవరో పెద్దాయన బయటికొచ్చాడు, అంతే. మాస్టారు గొంతు సవరించుకున్నాడు.

"చేపలతో ఆగితే మామూలు కథే. ఆ వెనకే ఇంకో పిల్ల లేచింది. 'వాన ఆగాక కూడా నీళ్ళు తగ్గలేదుగా, అన్నాళ్ళూ జంతువులు ఏం తిన్నాయి?' అంది." అది మందులషాపు ఆవిడ కూతురే. ఆ పిల్ల ఊసు ఎత్తకూడదనుకున్నాడు గానీ నోరు ఆగలేదు. "సరే, ఇక్కడిది కథ, ట్యూషన్లో ఇదే లెక్క అన్నాను. గురువారం సాయంత్రం బోర్డు ముందు నిలబడ్డాను. ఏనుగు రోజుకో బండెడు గడ్డి తింటుందనుకో, అందులో మూడో వంతు ఆవు తింటుంది, ఆవు తిన్నదాంట్లో నాలుగో వంతు మేక తింటుంది, అలా కుందేలు దాకా దిగి, నీళ్ళు తగ్గేదాకా ఓడ మొత్తానికి ఎంత గడ్డి కావాలి? మొదలెట్టాను. బోర్డు నిండిపోయింది. గోడెక్కాను. నాలుగు గోడలూ నిండిపోయాయి. తలుపు, కిటికీ రెక్కలు, ముందు వరసలో కూర్చున్నవాడి చొక్కా వీపు మీద కూడా ఒక గుణకారం చేశాను. కదిలితే తప్పొస్తుందని వాడు ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు."

"పాపం, ఇంకా అలాగే ఉన్నాడా?" అన్నాడు కొట్టాయన.

"వినండి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సుద్దముక్క పట్టుకుని వంగినవాణ్ణి వంగినట్టే రోడ్డెక్కాను. నేను ముందు, పిల్లలు వెనక, లెక్క మా మధ్య. టైలరుషాపు మెట్లెక్కి దిగింది లెక్క."

"గురువారం నేను షాపులోనే ఉన్నానే" అన్నాడు టైలరు.

"మిషను మీద వంచిన తల ఎత్తావా నువ్వు?"

టైలరు కాసేపు ఆలోచించి, ఎత్తలేదని ఒప్పుకున్నాడు.

"తర్వాత ఇతని వ్యాను అడ్డమొచ్చింది. కూడిక సరిగ్గా చక్రాల కిందికెళ్తోంది. పిల్లలూ నేనూ కలిసి వ్యానుని ఎత్తి పక్కన పెట్టాం. శుక్రవారం పొద్దున నీ వ్యాను పెట్టినచోట ఉందా?"

"కొంచెం పక్కకుంది" అన్నాడు డ్రైవరు, అనుమానంగా. "నేనే సరిగ్గా పెట్టలేదనుకున్నా."

చర్చి తలుపు మళ్ళీ తెరుచుకుంది. ఈసారి ఇద్దరు తల్లులు గుమ్మంలోకొచ్చి, రోడ్డవతలికి, అంటే సరిగ్గా మాస్టారి వైపు చూసి, ఏదో గుసగుసలాడుకుని లోపలికెళ్ళిపోయారు. మాస్టారు చేతులు ఇంకా వెడల్పుగా చాచాడు.

"ఊరి చివర దాకా వెళ్ళాం. అక్కడ సర్కస్ డేరాలు. లెక్కలో ఏనుగుందని ఎవరు చెప్పారో ఏమో, డేరాలోంచి నిజం ఏనుగొచ్చేసింది. ఇంత! తన వాటా ఎక్కడుందా అని వెతుక్కుంటూ లెక్క వెంబడే నడిచి, చూసుకుని, ఇంతేనా అన్నట్టు నా వైపు చూసి, తొండంతో నా సుద్ద లాక్కుని ఒక సున్నా కలిపేసింది."

"ఎటువైపు కలిపింది?" అన్నాడు కొట్టాయన.

"కుడివైపే. తెలివైన ఏనుగు. నేనూరుకుంటానా? 'ఆవు వాటా నీ మీద ఆధారపడింది, మేక వాటా ఆవు మీద ఆధారపడింది, నువ్వొక్క సున్నా పెంచితే ఆ బరువుకి ఓడ మునిగి అందరూ పోతారు' అని గదమాయించాను. కళ్ళనీళ్ళు పెట్టుకుని, ఆ తొండంతోనే చెరిపేసింది. అక్కడితో రోడ్డు అయిపోయింది. ఎదురుగా నది. లెక్క ఇంకా మిగిలుంది. ఏం చేస్తాం, నీళ్ళ మీదే రాశాను. నది ఆగిపోయిందంటే నమ్ముతారా? అక్షరం చెదరలేదు. చేపలన్నీ వరసగా లెక్క కిందికి చేరి చదువుకున్నాయి. వాటికెలాగూ సెలవులేగా. అవతలి ఒడ్డుకి చేరేసరికి జవాబొచ్చింది. అన్ని జంతువులూ అన్నాళ్ళూ తిన్నాక సరిగ్గా ఒక్క గడ్డిపరక మిగిలింది."

"ఒక్కటే?"

"ఒక్కటే. తెచ్చి ఇంట్లో దాచాను."

"అయితే ఒకసారి చూపించండి మాకు" అన్నాడు టైలరు.

మాస్టారు జవాబు చెప్పేలోపే చర్చి తలుపులు రెండూ బార్లా తెరుచుకున్నాయి. జనం బయటికొచ్చారు. అందరికంటే ముందు మందులషాపు ఆవిడ కూతురు, దాని చెయ్యి పట్టుకుని ఆవిడ, వెనక పాస్టరుగారు, తిన్నగా రోడ్డు దాటి టీకొట్టు వైపే వస్తున్నారు. మాస్టారికి లేచి నిలబడాలో కూర్చోవాలో తెలియలేదు. సగం లేచి అలాగే ఉండిపోయాడు.

పిల్ల ఆయన ముందుకొచ్చి, మొహంలోకి పరీక్షగా చూసింది.

"వచ్చేసిందా మాస్టారూ?"

"ఏమిటమ్మా?"

"ఓడ లెక్క. మీకు రావాలని ఇప్పుడే అందరం ప్రార్థన చేశాం. పాస్టరుగారు కూడా చేశారు."

టైలరు తాగుతున్న టీ ముక్కులోకెక్కింది.

"గురువారం మీకు మేక దగ్గర ఆగిపోయింది కదా" అంది పిల్ల, ఓపిగ్గా. "తుడిచేసి, మనకి రానిదాని కోసం ప్రార్థన చెయ్యాలి అన్నారు కదా. ఆ రోజు నుంచీ రోజూ నేనొక్కదాన్నే చేశాను. ఒక్కదాని వల్ల కావట్లేదని ఇవాళ లేచి అందరికీ చెప్పాను. మా మాస్టారికి భిన్నాలు రావట్లేదు, రావాలని."

అందరికీ. మాస్టారి చెవులు వేడెక్కాయి. ఆ ఇద్దరు తల్లులు ఎందుకలా చూశారో ఇప్పుడర్థమైంది. ఆయన ఇక్కడ నదిని ఆపుతున్నంతసేపూ అక్కడ అంతమంది కళ్ళు మూసుకుని ఆయనకి మేక వాటా తెలియాలని వేడుకున్నారన్నమాట. ఇంతకంటే పాస్టరుగారు నాలుగు చీవాట్లు పెట్టినా బాగుండేది.

"ఇదిగో" అని పిల్ల గౌను జేబులోంచి సుద్దముక్క తీసి చేతిలో పెట్టింది. "ఇప్పుడొస్తుంది. చెయ్యండి."

మాస్టారు బెంచీ మీదికి వంగాడు. ఏనుగుకి ఒకటి వేశాడు. ఆవుకి మూడో వంతు వేశాడు. మేక దగ్గర చెయ్యి ఆగిపోయింది. మూడో వంతులో నాలుగో వంతు. నాలుగు పెద్దదా, మూడు పెద్దదా, మేక ఆవు కంటే ఎక్కువ తింటుందా? నుదుటి మీంచి చెమట చుక్క బెంచీ మీద పడింది. ఏనుగుని మళ్ళీ పిలుద్దామా అని ఒక్క క్షణం అనిపించింది. తలెత్తి చూస్తే ఆ పిల్ల రెప్ప కూడా వెయ్యట్లేదు. వచ్చేస్తుందని దానికంత నమ్మకం. ఆ నమ్మకం చూసి ఆయనకి ఏడుపొచ్చినంత పనైంది.

"రాలేదమ్మా" అన్నాడు. "నాకు భిన్నాలు రావు."

పిల్ల మొహం వాడిపోయింది. పాస్టరుగారి వైపు తిరిగింది. "అంటే ప్రార్థన పనిచెయ్యలేదా?"

మాస్టార్ని నాలుగు మాటలు అడుగుదామని వచ్చిన పాస్టరుగారు ఇప్పుడు తనే ఇరుక్కున్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, పెట్టుకుని, బెంచీ మీద లెక్క వైపు చూశారు. "మూడో వంతులో నాలుగో వంతంటే..." అని, పక్కనున్న తల్లి వైపు చూశారు.

"నావైపు చూస్తారేంటండీ" అంది మందులషాపు ఆవిడ. "నాకొస్తే ట్యూషనుకెందుకు పంపుతాను?"

టీకొట్టాయన గ్లాసులు కడుగుతున్నవాడు చేతులు తుడుచుకుని ముందుకొచ్చాడు. "పనిచెయ్యకపోవడమేంటమ్మా. ఇన్నేళ్ళుగా ఈ బెంచీ మీద వింటున్నాను. మీ మాస్టారు ఒక సంగతి తనకి రాదనడం ఇదే మొదటిసారి. అంతమంది మొక్కితే గానీ కాలేదు."

పాస్టరుగారు గండం గడిచినట్టు ఊపిరి పీల్చుకున్నారు. బెంచీ అంతా నవ్వింది. మాస్టారు నవ్వలేదు. మళ్ళీ కూర్చుని, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని మందులషాపు ఆవిడ వైపు చూశాడు. "రేపు పంపిస్తారాండీ?" అన్నాడు. ఆ గొంతు ఆయనదిలా లేదు.

ఈలోగా టైలరుకి ఊరుకోబుద్ధి కాలేదు.

"అంతా బాగానే ఉంది గానీ మాస్టారూ, లెక్క రానప్పుడు మరి ఆ మిగిలిన గడ్డిపరక ఎక్కడిదండీ?"

మాస్టారు తల దించుకున్నాడు. పిల్ల ఆయన వంక చూసింది, టైలరు వంక చూసింది. గడ్డిపరక సంగతి దానికి బొత్తిగా తెలియదు. అయినా ముందుకొచ్చి నిలబడింది.

"అది మేక తినేసిందండీ" అంది. "నేను చూశాను." అని రెండు చేతులూ ఎంత దూరం పోతే అంత దూరం చాచింది. "ఇంత మేక."

తల్లి కూతురి వైపు చూసింది, మాస్టారి వైపు చూసింది. కట్టుకున్న చేతులు విప్పింది.

"లెక్కలకి ఇంకోచోట చూసుకుంటాను మాస్టారూ. మిగతావాటికి రేపు ఎప్పటిలాగే పంపిస్తాను" అంది. తర్వాత వంగి, కూతురు చాచిన చేతులు రెండూ పట్టుకుని కిందికి దించింది.

"దించు. ఈ వీధికి ఒక్కరు చాలు."