జేజినాయన ఉండిన కోట

వసారాలో తండ్రీ కూతురూ విత్తనానికి శెనక్కాయలు ఒలుస్తున్నారు. కూతురు ముందురోజే కాలేజీ పిల్లలతో, తాత పనిచేశాడని విన్న పాత రాజుల కోట చూసి వచ్చింది.

"నాయనా, జేజినాయన ఆ కోటలో కొలువు చేసినాడని చెప్పినావు కదా. ఆయన గది యాడుండాదని గైడును అడిగినా."

"ఏమన్నాడు?"

"నవ్వినాడు. రాజులు పోయినాక అది జైలంట. ఖైదీలకు తప్ప ఎవురికీ గదులు లేవంట. అందరూ నా తట్టే చూసినారు."

"నీకెందుకమ్మా అవన్నీ అడగడం?"

"జేజినాయన ఏం తప్పు చేసినాడు?"

"ఏమీ లేదు. మనిషిని నరికింది ఊరి పెద్దాయన. కేసు మీ జేజినాయన తనమీదేసుకున్నాడు. ఈ కాయలు పండిన చేను అట్లొచ్చిందే."

"ఆయన ఇష్టంతోనే పోయినాడా?"

"అడిగినోళ్లెవురు? మా యమ్మ రొట్టెలు మూటగట్టి నన్ను ఆడికి పిల్చుకపోయేది. ఊర్లో మాత్రం కొలువని చెప్పమనేది."

"మరి పెద్దాయన కొడుకు నిన్న రాత్రి మనింటికి ఎందుకొచ్చినాడు?"

"ఊరికే."

"ఊరికే వచ్చినోడు మనకు బోరు ఏపిస్తానంటాడా? మొన్న జాతరలో చచ్చినోని కేసే కదా?"

"ఇప్పటి జైళ్లు అప్పట్లా లేవులే. ఫ్యాన్లు గూడా ఉండాయంట. మనింట్లో యాడుండాది ఫ్యాను?"

"నవ్వులాటలు చాలు నాయనా. కోటలో ఆ ఖైదీల గదిలోకి పోయి నిలబడినా. పట్టపగలే చీకటి. నువ్వు ఒప్పుకోవద్దు."

"మాటిచ్చేసినానమ్మా."

"ఎవుర్నడిగి?"

బయట పెద్దాయన కొడుకు జీపు వచ్చి ఆగింది. తండ్రి పంచెమీది పొట్టు దులుపుకుని లేచాడు. కూతురు ముఖం చూడకుండా వాకిలి దాటి వెళ్లిపోయాడు.