దిండు పక్కన ఆరు ఉండలు

వీధివైపు దాంగోలనే బియ్యప్పిండి ఉండలు అమ్మే అంగడి, వెనక వంటగది, ఆ పక్క గదిలో మూడు నెలలుగా మంచం పట్టిన కునిహికో. వంటగదిలో అతని తల్లి తోమొయె, భార్య చిసాతో.

"చిసాతో! ఇప్పుడే తలుపు సందులోంచి చూశాను. వాడి దిండు పక్కన ఆ పళ్ళెం ఎవరు పెట్టారు?"

"నేనే అత్తయ్యా. పొద్దుట్నుంచీ గంజి కూడా ముట్టలేదు. మన దాంగో అయితే ఒక్కటైనా కొరుకుతారేమోనని..."

"పాకం పుయ్యలేదేం?"

"తీపి తింటే వాంతి అవుతోందిగా."

"మాచిపత్రి కలపొచ్చుగా! ఎర్రచిక్కుళ్ళ ముద్ద పెట్టొచ్చుగా! ఏదో ఒకటి, ఏదో ఒక రంగు!"

"వాసనలు పడట్లేదు ఆయనకి. అందుకే ఉత్త తెల్లపిండి..."

"పుల్లకి గుచ్చలేదేం?"

"నోట్లో గుచ్చుకుంటుందని. ఎందుకత్తయ్యా ఇవన్నీ అడుగుతున్నారు?"

"ఎన్ని పెట్టావ్?"

"పిండి ఆరింటికే సరిపోయింది."

"ఆరు! తెల్లవి, పుల్ల లేనివి, ఆరు, దిండు పక్కన! ఓసి పిచ్చిదానా, అది శవానికి పెట్టే పళ్ళెమే! ప్రాణం పోయాక పెట్టేదే!"

"అయ్యో... నాకు తెలీదత్తయ్యా. మా పుట్టింటివాళ్ళ బౌద్ధ శాఖలో పోయినవాళ్ళకి ఉండలు పెట్టరు. ఒట్టు, నాకు తెలీదు!"

"నీ కంట పడనివ్వలేదు గానీ, నలభై ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఎవరింట్లో ఎవరు పోయినా ఆ ఆరూ నా చేత్తోనే చేసిచ్చాను. నా కొడుక్కి మాత్రం చెయ్యను. చెయ్యనంటే చెయ్యను. వాడి మొహం మీదే చెప్పాను. నేను చెయ్యందే ఎలా పోతావో చూస్తానన్నాను."

"'నొప్పి ఓర్చుకోలేకపోతున్నానమ్మా, ఇంక పోనియ్యి' అని మొన్న మిమ్మల్ని ఎంత బతిమాలారు..."

"నోర్ముయ్! వెళ్ళు. నిద్రలో ఉన్నాడు, లేచి చూడకముందే తీసెయ్. పారెయ్. నేలలో పాతెయ్."

"అత్తయ్యా..."

"కదలవేం?"

"చూశారు. పెట్టగానే చూశారు."

"చూశాడా? ఏమన్నాడు? ఏడ్చాడా? నిన్ను తిట్టాడా?"

"లేదు. నవ్వారు. ఎన్నాళ్ళకో నవ్వారు. ఎవరు చేశారని అడిగారు."

"నువ్వు చేశానని చెప్పావుగా? చెప్పావుగా?"

"మీరు చేశారంటే తింటారేమోనని... మీరే చేశారన్నాను."

"చిసాతో!"

"'అయితే అమ్మ ఒప్పుకుందన్నమాట' అని కళ్ళు మూసుకున్నారు. హాయిగా నిద్రపట్టిందనుకున్నాను అత్తయ్యా. మూలుగు కూడా ఆగిపోయింది."